నేతవాడలో సముద్ర మట్టం

చేసిన పని

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, "మేడం, ఈ ఉద్యోగంల ముఖ్యంగ ఏం నేర్చుకోవాలె?" అని అడుగుతారు. వాన కురుస్తున్నప్పుడు ఆఫీసులో కూర్చోకుండా ఊరంతా తిరగడం నేర్చుకోండి అంటాను. నవ్వి లేచిపోతారు. నేను నవ్వించడానికి చెప్పలేదు. ఎండాకాలంలో కూర్చుని వాననీటి కాలువలు గీసి, వానాకాలంలో సెలవు పెట్టే ఇంజనీర్లను చాలామందిని చూశాను. అందులో మొదటి పేరు నాదే.

నా ఉద్యోగం ప్రాంతీయ సహాయ కార్యాలయంలో. చిన్న ఊళ్ల మున్సిపాలిటీలకు సొంతంగా కాలువలు గీసే ఇంజనీర్లు ఉండరు. జమ్మికుంట నుంచి లక్సెట్టిపేట దాకా ఏ ఊళ్లో వాన నీళ్లు ఇళ్లలోకి వచ్చినా మాకు ఫోన్ చేసేవారు. మేం వెళ్లి, లెవెల్ మిషన్ పెట్టి ఎత్తుపల్లాలు చూసి, కాలువ ఎటు తవ్వాలో చెప్పేవాళ్లం. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది. చివరికి అంతా ఒక్క మాటే: నీళ్లు పల్లానికి పోతాయి. ఆ ఒక్క మాట గుర్తుంటే ఈ ఉద్యోగానికి చదువు కూడా అంతగా అవసరం లేదు. నేను చదువుకుని కూడా దాన్ని మరిచిపోయాను. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. అవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక కుర్చీ మారింది, ఫ్యాను మారలేదు. ఇదంతా జరిగిన ఊరి పేరు కూడా రాయను. రాస్తే అక్కడి కౌన్సిలర్ ఈ వయసులో కూడా ఫోన్ చేసి నన్ను తిడతాడు.

ఆ ఊళ్లో అన్నిటికన్నా పల్లంలో ఉండేది నేతవాడ. ఇరవై ఇళ్ల వీధి. ప్రతి ఇంటి ముందు గదిలో రెండో నాలుగో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వీధి చివర ఖాళీ జాగా, దాని అవతల పెద్ద నాలా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వీధికి కాలువ గీసింది నేనే. వీధి ముగిసి జాగా మొదలయ్యేచోట మూడు ఇనుప జాలీలు పెట్టాను. వీధి నీళ్లు ఆ జాలీల్లోంచి కింది పైపులోకి దిగి, జాగా కింద నుంచి వెళ్లి నాలాలో పడాలి. మొదట్లో బాగానే పడ్డాయి. తర్వాత తర్వాత వీధిలో నీళ్లు నిలవడం మొదలైంది. ఎందుకని అడిగితే మా దగ్గర జవాబు తయారుగా ఉండేది. వానలు ఎక్కువయ్యాయి, జనం చెత్త వేస్తున్నారు. ఇంజనీరు తప్పు ఎప్పుడూ ఉండదు కదా.

ఆ ఖాళీ జాగాలోనే ఊరి ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడతారు. మా కార్యాలయంలో ఆడ ఇంజనీరును నేనొక్కదాన్నే కాబట్టి సద్దుల బతుకమ్మ రోజు నన్ను తప్పకుండా పిలిచేవారు. నేనూ తంగేడు, గునుగు పేర్చుకుని పట్టుచీర కట్టుకుని వెళ్లి ఆడేదాన్ని. ఉద్యోగంలో నాకు నిజంగా నచ్చిన రోజు అదొక్కటే.

ఖాళీ పెట్టొద్దు

నేను పనిచేసిన అధికారులందరిలోకీ మంచివాడు మా పెద్దసారు. లంచం ఎరుగడు, అబద్ధం ఎరుగడు. ఆయనకున్న భయం ఒక్కటే, ఖాళీ కాలమ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫారంలో ఒక గడి ఖాళీ వదిలినందుకు ఎవరో అధికారి ఆయన్ను నలుగురిలో నిలబెట్టి తిట్టాడట. అప్పటి నుంచి ఆయన చేతి కిందికి వచ్చిన ఏ కాగితంలోనూ తెల్లగా ఒక్క గడి మిగలలేదు.

ఒక ఏడు పైనుంచి ఒక ఫారం వచ్చింది. తీరప్రాంత వనరులు, వాననీటి నిర్వహణలో స్థానిక సంస్థలకు ప్రాంతీయ సహాయం అని పైన రాసి ఉంది. సముద్రం ఉన్న జిల్లాల కోసం తయారైంది. ఎవరో మహానుభావుడు అన్ని ప్రాంతీయ కార్యాలయాలకూ ఒకేసారి పంపేశాడు. సముద్రానికి దూరం, పడవల సంఖ్య, మడ అడవుల విస్తీర్ణం, అత్యధిక పోటు మట్టం, పోటు వచ్చే ప్రదేశం. నేను ప్రతి గడిలోనూ 'వర్తించదు' అని రాసి పెద్దసారు బల్ల మీద పెట్టాను. పది నిమిషాల్లో పిలిచారు.

"వర్తించదు అంటే ఏందమ్మా?"

"మనకు సముద్రం లేదు సార్."

"సముద్రం లేదన్న సంగతి నాకెర్కనే. కాలమ్ ఉన్నది గద. వర్తించదు అంటే ఖాళీ పెట్టినట్టే. ఏదో ఒకటి ఉన్నది రాయి. అబద్ధం మాత్రం రాయకు."

ఇక మేమిద్దరం కూర్చున్నాం, నేనూ మా వర్క్ ఇన్‌స్పెక్టర్ మల్లయ్యా. సముద్రానికి దూరం అట్లాసు మీద దారం పెట్టి కొలిచాం. పడవల దగ్గర ఒకటి అని రాశాం, లక్సెట్టిపేట వైపు గోదావరిలో ఒక ముసలాయన తెప్ప మల్లయ్యకు తెలుసు. మడ అడవుల దగ్గర ఆగిపోతే, "నాలాల తుమ్మచెట్లు నీళ్లల్లనే నిలబడ్డయి గద మేడం, గవి రాయుర్రి," అన్నాడు. రాశాను. పోటు మట్టం మిగిలింది. వచ్చి, నిలిచి, పోయే నీళ్లు మా ప్రాంతంలో ఎక్కడున్నాయని ఆలోచిస్తే నేతవాడ గుర్తొచ్చింది. మోకాలి దాకా వస్తాయి, నిలుస్తాయి, మెల్లగా ఇంకిపోతాయి. అత్యధిక పోటు మట్టం అడుగున్నర, ప్రదేశం నేతవాడ అని రాసి సంతకం పెట్టాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సముద్రం లేకుండానే మాకు పోటు వచ్చింది.

పెద్దసారు చదివి సంతోషించారు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు, ఒక్క అబద్ధమూ లేదు.

పడవ వచ్చింది

ఫారంలో రాసింది ఎవరూ చదవరని మీ పైవాళ్లు మీకు చెప్తారు. నమ్మకండి. చదివేవాడు ఒకడు ఎక్కడో ఉంటాడు, వాడికి ఎండాకాలం తీరిక దొరుకుతుంది.

మరుసటి ఎండాకాలం లారీ వచ్చింది. అందులో ఒక రబ్బరు పడవ, నలభై నారింజ రంగు ప్రాణరక్షక జాకెట్లు, చేత్తో తిప్పే తుఫాను సైరన్ ఒకటి, పోటు కొలిచే కొయ్య ఒకటి ఉన్నాయి. కొయ్యకు ఎరుపు తెలుపు రంగులు వేసి గీతలు, అంకెలు రాశారు. పడవను మున్సిపాలిటీ వాళ్లు తీసుకెళ్లి బ్లీచింగ్ పౌడర్ సంచులు దాచుకున్నారు. మిగతా సామానంతా పోటు వచ్చే చోట ఒక తీర పరిశీలకుణ్ణి పెట్టి అతని అధీనంలో ఉంచాలని ఉత్తర్వు.

అంతకుముందు తుఫాను కసరత్తు జరపాలి. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, నేతవాడలో జరిపాం. సైరన్ మోగగానే అందరూ జాకెట్లు వేసుకుని వీధిలోకి రావాలి, ఇదీ పాఠం. మత్స్యకారుల ప్రతినిధులు ఇద్దరు తప్పనిసరి అన్నారు కాబట్టి మల్లయ్య చేపల మార్కెట్ నుంచి ఇద్దర్ని పట్టుకొచ్చాడు. వాళ్లలో ఒకతను ఎండలో కాసేపు నిలబడి, "సారూ, చేపలు ఖరాబైతున్నయి. తుఫాను జర జల్ది తెండి," అన్నాడు. తెచ్చాం. ఆడవాళ్లు జాకెట్లు వేసుకుని బయటికి వచ్చారు, చెమటలు కక్కుకుంటూ ఫోటో దిగారు, మజ్జిగ తాగి లోపలికి పోయారు.

కొయ్యను వీధి చివరింటి ముందు పాతించాను, నీళ్లు ఎక్కువగా నిలిచేది అక్కడే. ఆ ఇల్లు కనకవ్వది. అరవైకి దగ్గరలో ఉన్న మనిషి. భర్త రాజేశం, ఆమె కలిసి నాలుగు సాంచాలు నడుపుతారు. నడుం మీద చెయ్యి పెట్టుకుని కొయ్యను, నన్ను మార్చి మార్చి చూసింది.

"ఏంది మేడం, మా ఇంటి ముంగట గీ కట్టె ఏంది?"

"సముద్రం ఎంతెత్తు వస్తదో చూసేందుకు."

"మేడం, మీకు పానం మంచిగుందా?" అంది చాలా జాలిగా.

ఉన్న సంగతంతా చెప్పాను. ఏడో తరగతి దాకా చదివిన మనిషి, రోజూ ఎన్ని మీటర్లు నేసిందీ నోటుబుక్కులో రాసుకునే అలవాటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొయ్య చూసి నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో రాస్తావా అని అడిగాను. "సాంచాల లెక్క ఎట్లనో గిది గూడ గట్లనే గద," అని ఒప్పుకుంది. ఆ విధంగా తెలంగాణలో తీర పరిశీలకురాలు ఒకామె తయారైంది. సైరన్ ఆమె ఇంట్లో మూలన పెట్టాం. జాకెట్లను వీధి ఆడవాళ్లు తలా ఒకటి తీసుకుని, నూలు కండెలు చుట్టేటప్పుడు పీట మీద మెత్తగా వేసుకున్నారు.

కనకవ్వ నోటుబుక్కులో ఆ ఎండాకాలమంతా ఒకటే మాట. ఉదయం: రాలే. సాయంత్రం: రాలే.

నడుమ ఏమైంది

ఇంతవరకూ నవ్వులాటే. ఆ వానాకాలం మధ్యలో జాబితా వచ్చింది. మా ఫారం చూసి పైవాళ్లు నేతవాడను తీర ముంపు ప్రాంతంలో చేర్చారు. అక్కడ కొత్తగా కట్టకూడదు, ఉన్నదాన్ని బాగుచేసుకోకూడదు. ఒక అధికారి వచ్చి చూసి తుది జాబితా ప్రకటించాక వీధిని ఖాళీ చేయించి, ఇళ్లవాళ్లను ఎత్తైన చోటికి తరలించాలి.

నేను నాలుగైదు ఉత్తరాలు రాశాను. సముద్రం లేదని రాశాను. మీరే పోటు మట్టం ఇచ్చారు కదా అని జవాబు వచ్చింది.

దసరా అయిన తర్వాత ఒక వాన పడింది. రెండు రోజులకు కనకవ్వ నోటుబుక్కు కొంగులో చుట్టుకుని బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. నీళ్లకు ఆమె సాంచాల గది గోడ కూలింది. కట్టుకుందామంటే మున్సిపాలిటీ వాళ్లు జాబితా చూపించి వద్దన్నారు. నాలుగు సాంచాల మీదా తడవకుండా తాటిపత్రి పట్టా కప్పి ఉంచింది.

"మా ఆయన సాంచాలు పాతసామానోనికి అమ్ముదామంటుండు. తమ్ముని దగ్గరికి, బొంబాయి పక్కన భీవండికి పోదామంటుండు," అంది. "నేను పదిహేనేండ్లు భీవండిల ఉన్న మేడం. ఒక్క రూంల ఎనిమిదిమందిమి. గీ నాలుగు సాంచాలు కొన్నంక, మల్ల ఆ గడప తొక్కనని ఒట్టు వెట్టుకున్న. ఇప్పుడు వాడనే పోతదంటుర్రు. నేనెటు పోవాలె?"

వానలు ఎక్కువయ్యాయి అని పాత పాట అందుకోబోయాను. ఆమె నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది.

"గిది చూడుర్రి. నాగులపంచమి నాటి వాన. పొద్దుగాల మొదలైతే పగటీలి దాక కొట్టింది. నీళ్లు కట్టె మీద మూడో గీతకు వచ్చినయి. గిది మొన్నటి వాన. చాయ్ తాగి లేచేసరికి నిలిచింది. నీళ్లు ఐదో గీత దాటినయి. వాన చిన్నగైంది, నీళ్లు పెద్దగైనయి. నడుమ ఏమైంది మేడం?"

"నడుమ ఏమైంది?" అన్నాను నేను కూడా, మొద్దులాగా.

"నాకేమెర్క? నడుమ బతుకమ్మ ఆడినం. గంతే."

అప్పటికప్పుడు ఆఫీసు జీపులో ఆమెను ఎక్కించుకుని, మల్లయ్యను వెంటబెట్టుకుని నేతవాడకు వెళ్లాను. కనకవ్వ గడప మీద నిలబడి ఖాళీ జాగా వైపు చూశాను. జాగా ఆమె గడప కన్నా ఎత్తుగా ఉంది. లెవెల్ మిషన్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఏటా పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని, తల మీద బతుకమ్మతో ఆ జాగాలోకి మెట్టు ఎక్కినట్టు ఎక్కేదాన్ని. వీధి నుంచి నాలా వైపు పోతూ నేల దిగాలి, నేను ఎక్కుతున్నాను. ఎక్కుతున్నానని కాళ్లకు తెలుసు. ఇంజనీరుకు తెలియలేదు.

"మల్లయ్యా, జాలీలు యాడున్నయి?"

"గీడనే ఉండాలె మేడం."

"ఏడాదికి రెండుసార్లు జాలీలు శుభ్రం చేయబడినవి అని రాస్తవు గద. ఎన్నడన్న చూసినవా?"

మల్లయ్య తల గోక్కున్నాడు. "మీరు గీసిన కాయితంల చూసిన మేడం," అన్నాడు.

మొరం పొరలు

గడ్డపారతో తవ్వించాను. దాదాపు రెండడుగుల లోతున మొదటి జాలీ దొరికింది, తుప్పు పట్టి, మట్టితో నిండిపోయి. గుంత గోడలో మొరం, అంటే రోడ్లకు పోసే గరుకు మట్టి, పొరలు పొరలుగా కనిపిస్తోంది. మల్లయ్య గుంతలోకి దిగి వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. "గీ ఎర్రది పోయిన నెల పోసింది. దీని కింద పసుపుది నిరుడు. గీ రాళ్ల మొరం మునుపటేడు, గప్పుడు ఆడోళ్లు కాళ్లకు గుచ్చుకున్నయని లొల్లి చేసిర్రు, యాదికున్నదా మేడం?"

యాదికి ఎందుకుండదు? ఏటా బతుకమ్మ ఏర్పాట్లలో మొదటి పని జాగాలో మొరం పోయడం. వానలకు నేల బురదగా ఉంటుంది, ఆడవాళ్లు ఆడలేరు. కౌన్సిలర్ అడుగుతాడు, మున్సిపాలిటీ రాస్తుంది, ప్రాంతీయ కార్యాలయం ఎస్టిమేటు తయారుచేస్తుంది. తయారుచేసేది నేనే. నేనే వెళ్లి ఆడే జాగా కదా అని ఒక ట్రాక్టరు ఎక్కువే రాసేదాన్ని. ఆ మొరం జాలీలను కప్పింది. జాలీలు మూసుకుంటే నీళ్లు నిలిచాయి. నీళ్లు నిలిస్తే మరుసటి ఏడు బురద ఇంకా ఎక్కువైంది. బురద ఎక్కువైతే నేను మొరం ఇంకా ఎక్కువ రాశాను. ఒక చేత్తో కాలువ గీశాను, రెండో చేత్తో దాని నోట్లో మట్టి కొట్టాను, ఆ మట్టి మీద నిలబడి చప్పట్లు కొడుతూ పాట పాడాను. కంచే చేను మేసిందంటే ఇదే.

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. కనకవ్వ ముఖం చూడలేకపోయాను. ఆమె ఓదారుస్తుందని లోపల ఎక్కడో అనుకున్నాను కాబోలు. ఆమె ఓదార్చలేదు. గుంతలోకి వంగి చూసి, "ఇన్నేండ్లల మా సాంచాల మోటర్లు ఐదు కాలినయి మేడం," అని, ఇంట్లోకి వెళ్లిపోయింది.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఈ గుంత గురించే. నీళ్ల దారి మూసేవాళ్లు దొంగలు, కబ్జాదారులు అని మీకు శిక్షణలో చెప్తారు. వాళ్లూ ఉంటారు. కానీ నేను చూసినంతలో ఎక్కువ దారులు మూసింది మంచి పనులే. ఏటా చేసే పని, అందరూ మెచ్చుకునే పని, పోయినేడు లాగే అని రాసి సంతకం పెట్టే పని. వాటిని ఎవరూ అనుమానించరు.

సముద్రం పక్కన పుట్టిన మనిషి

చలికాలంలో తుది జాబితా కోసం అధికారి వచ్చారు. సముద్రం పక్కన పుట్టి, సముద్రం పక్కనే ఉద్యోగం చేసిన పెద్దాయన. నేతవాడలో జీపు దిగి నాలుగు దిక్కులూ చూశారు.

"మా ఇంటి అరుగు మీద కూర్చుంటే కనపడేదండీ సముద్రం. ఇక్కడ ఎటు తిరగాలో కాస్త చెప్పండమ్మా," అన్నారు.

ఫారం సంగతి, మొరం సంగతి ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు. కనకవ్వ నోటుబుక్కు అడిగి తీసుకుని, అరుగు మీద కూర్చుని ఒక్కో పేజీ చదివారు. "మా రేవుల్లో కూడా పోటు ఇంత శుభ్రంగా రాసేవాళ్లు లేరండీ," అని ఆమెకు దండం పెట్టారు. కనకవ్వ ఇబ్బందిగా కొంగు సర్దుకుంది.

కానీ జాబితా నుంచి తీసేయమంటే ఆయన తల అడ్డంగా ఊపారు. "తియ్యాలంటే కారణాలు రెండే ఉన్నాయండీ. ఊరు తరలిపోయింది, లేదా సముద్రం వెనక్కి తగ్గింది. సముద్రమే లేదు అనే గడి లేదు. నేను చేర్చలేను."

"అయితే ఎట్ల సార్?"

"సముద్రాన్ని వెనక్కి పంపండమ్మా. వచ్చే వానాకాలమంతా ఆ కొయ్య మీద సున్నా ఉంటే వెనక్కి తగ్గిందని నేను రాసేస్తాను."

రాజేశం అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. "గీ ఒక్క వానకాలం చూస్తం," అన్నాడు. "నీళ్లొచ్చినయా, సాంచాలు అమ్ముడే, భీవండి పోవుడే." కనకవ్వ నోటుబుక్కు తీసి కొంగులో చుట్టుకుంది.

ఆయన వెళ్తూ ఇంకో ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి, 'సముద్ర మట్టం పెరుగుటకు కారణం.' ఆఫీసుకు వచ్చి నింపి పెద్దసారు ముందు పెట్టాను. 'బతుకమ్మ ఏర్పాట్లకు ఏటా పోసిన మొరం. ఎస్టిమేటు తయారుచేసినది...' అని రాసి నా పేరు, హోదా రాశాను. పెద్దసారు చాలాసేపు చదివారు.

"పేరు రాయాల్నా అమ్మా?"

"కాలమ్ ఉన్నది సార్. ఖాళీ పెట్టొద్దు గద."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత పెన్ను తీసి నా పేరు కింద 'ఆమోదించినది' అని రాసి తన పేరు రాసుకున్నారు. అందుకే ఆయన మంచివాడన్నాను. ఇద్దరికీ సంజాయిషీ నోటీసులు వచ్చాయి, అవి కాగితాల గొడవ, ఇక్కడ అనవసరం.

సైరన్

ఎండాకాలంలో మొరమంతా ఎత్తించాం. జాలీలు మూడూ బయటపడ్డాయి, పైపు కడిగించాం. ఆ ఏడు మొదటి పెద్ద వాన పగటిపూట పడింది. నేను గొడుగు లేకుండా నేతవాడలో నిలబడ్డాను. ఇరవై ఇళ్లవాళ్లూ గడపల మీదికి వచ్చి కొయ్యనే చూస్తున్నారు. నీళ్లు వీధి పొడవునా గలగలా వచ్చి, కొయ్య మొదలు తాకకుండానే పక్కకు తిరిగి, జాలీల్లోకి గుడగుడమంటూ దిగిపోయాయి. రాజేశం రెండుసార్లు వంగి జాలీలోకి చూశాడు, నమ్మకం కలగక మూడోసారి చూశాడు. కనకవ్వ లోపలికి పోయి నోటుబుక్కులో రాసుకొచ్చింది. రాలే.

శ్రావణమంతా రాలే. భాద్రపదంలో కూడా రాలే. ఇల్లు అలకగానే పండుగ కాదంటారు. పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, రెండు రోజుల ముందు, పొద్దున పదిగంటల వేళ, మల్లయ్య ఫోన్ చేశాడు. "మేడం, జల్ది రండి. నేతవాడల సైరన్ మోగుతుంది."

వెళ్లేసరికి వీధి చివర నాలుగు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి, నిండా మొరం. వాటికి అడ్డంగా నలభైమంది ఆడవాళ్లు, అందరూ నారింజ రంగు జాకెట్లు వేసుకుని. సైరన్ మోగితే జాకెట్లు వేసుకుని వీధిలోకి రావాలని నేర్పాం కదా, సరిగ్గా అట్లాగే వచ్చారు. కనకవ్వ అరుగు మీద కూర్చుని సైరన్ పిడి తిప్పుతూనే ఉంది. ముందు ట్రాక్టరు డ్రైవరు చెవులు మూసుకుని అరుస్తున్నాడు.

"నా మీద లొల్లి వెడితే ఏమొస్తది? బతుకమ్మ మొరం పొయ్యుమని కాయితం ఇచ్చిర్రు, తెచ్చిన!"

"ఎవరిచ్చిర్రు?" అని నేను కూడా కోపంగా అడిగాను.

కాగితం తీసి చేతిలో పెట్టాడు. పోయినేడు ప్రకారం, బతుకమ్మ జాగాలో మొరం పోయుట. కింద వారం కిందటి తేదీతో సంతకం. సంతకం నాదే.

పండుగ ముందు ఫైళ్లు కట్టలు కట్టలుగా వస్తాయి. టైపిస్టు పోయినేడు కాగితం దించి పెట్టాడు, నేను చదవకుండా పెట్టేశాను. గుంత తవ్వించిన మనిషిని, ఫారంలో పేరు రాసుకున్న మనిషిని, మళ్లీ అదే పని చేశాను. నా తెలివి మారింది కానీ చెయ్యి మారలేదు.

కనకవ్వ సైరన్ ఆపి వచ్చింది. కాగితం తీసుకుని చదివింది. సంతకం దగ్గర ఆగి, నా ముఖంలోకి చూసింది.

"గిది నీ చేతిరాతేనా చెల్లె?"

అప్పటిదాకా ఆమె నన్ను మేడం అనేది. అవునని తల ఊపాను. ట్రాక్టరు బానెట్ మీద పెట్టి ఆ కాగితం రద్దు చేశాను. ఆమె చెయ్యి చాచింది.

"పెన్ను జర నా దగ్గర పెట్టిపో. పండుగైనంక ఇస్త."

ఇచ్చేశాను. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు జాగాలో అక్కడక్కడ బురద ఉంది. చీరలు పైకి దోపుకుని, పాత నేల మీదికి, అంటే రెండడుగులు కిందికి దిగి ఆడాం. కనకవ్వ నా పక్కనే ఆడింది. ఆట అయ్యాక పెన్ను తిరిగి ఇచ్చింది.

సముద్రం వెనక్కి తగ్గినదని చలికాలంలో కాగితం వచ్చింది. నేతవాడ జాబితాలోంచి పోయింది. రాజేశం గోడ కట్టుకున్నాడు. నాలుగు సాంచాల మీదున్న తాటిపత్రి తీసి పడేశాడు.

ఇప్పుడు

నేను రిటైరై కొన్నేళ్లయింది. కొయ్య ఇంకా అక్కడే ఉంది, పిల్లలు దానికి ఆనుకుని తమ ఎత్తు చూసుకుంటారట. పెద్ద వాన పడిన ప్రతిసారీ కనకవ్వ నుంచి ఫోన్ వచ్చేది. "చెల్లె, రాలే," అనేది, పెట్టేసేది. ఆ ఒక్క మాట వినేదాకా నేను వసారాలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేదాన్ని. నా సంతకాలు ఎన్ని ఊళ్లలో ఎన్ని జాలీల మీద పడి ఉన్నాయో అని భయం.

మొన్న ఆషాఢంలో పొద్దున నుంచి కుండపోత. మధ్యాహ్నమైంది, ఫోన్ రాలేదు. మూడు గంటలైంది, రాలేదు. చివరికి నేనే చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక నాలుగు సాంచాలు ఒకేసారి ఆడుతున్న చప్పుడు.

"కనకవ్వక్కా, వాన ఇట్ల పడుతుంటే ఫోన్ చెయ్యకపోతివి? నీళ్లేమన్న వచ్చినయా?" అని గట్టిగా అరిచాను.

"ఆగు," అంది. ఒక సాంచా ఆపి, తలుపు తీసిన చప్పుడు వినపడింది.

"వాన పడుతుందా చెల్లె?" అంది. "నేను చూడనే లే."